కణత వెనక గాడి

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పిల్లలకు పుర్రె చెప్పేటప్పుడు చేతిలో చీపురుపుల్ల ఉండాల్సిందే. పుర్రె అడుగున ఫొరామెన్ స్పైనోసమ్ అనే రంధ్రం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. పక్కనున్న పెద్ద రంధ్రం, ఫొరామెన్ ఒవేల్ ముందు అది కంటికి ఆనదు. పుల్లను అందులోంచి పోనిచ్చి, పుర్రె లోపలికి చూడమంటాను. పుల్ల తేలిన చోట ఒక గాడి మొదలై, కొమ్మలుగా చీలి, ఎముక మీద పైకి పాకుతుంది. మిడిల్ మెనింజియల్ ధమని నడిచిన దారి అది. ఆ గాడిని వేలితో తడిమిన పిల్లలు ఇక మర్చిపోరు. చౌకరకం ప్లాస్టిక్ పుర్రెల్లో అది సరిగా పడదు, అందుకే వాటితో చెప్పడం నాకిష్టం ఉండదు.

మాక్సిలరీ ధమని నుంచి పుట్టే ఈ నాళం మెదడుకు చుక్క రక్తం ఇవ్వదు. ఇచ్చేదంతా ఎముకకూ, డ్యూరా అనే మెదడు పైపొరకూ. అవసరమై సర్జన్ దాన్ని మూసేసినా మెదడుకు లోటుండదు. ప్రమాదమంతా అది నడిచే చోటుతోనే. చెంప ఎముక కమాను మీద రెండు వేళ్లు అడ్డంగా పెట్టి, కంటి పక్క ఎముక వెనక బొటనవేలు ఆనించండి. ఆ మూలలో నాలుగు ఎముకలు కలుస్తాయి. టెరియాన్ అంటారు. అక్కడ పుర్రె బాగా పల్చన, దాని వెనకే ధమని ముందు కొమ్మ. ఎముక చిట్లి ధమని తెగితే, రక్తం డ్యూరాను ఎముక నుంచి ఊడదీస్తూ గడ్డ కడుతుంది.

కొందరు స్పృహ తప్పి, తేరుకుని, మామూలుగా మాట్లాడతారు. నాకేం కాలేదంటారు. లోపల గడ్డ పెరుగుతూనే ఉంటుంది. 2009 మార్చిలో కెనడాలోని మోంట్ ట్రెంబ్లాంట్‌లో స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయిన నటి నటాషా రిచర్డ్‌సన్ బాగానే ఉన్నానని మొదట వైద్యసాయం వద్దన్నారు. మూడో రోజున చనిపోయారు. ఎముకకూ డ్యూరాకూ మధ్య రక్తస్రావమే కారణమని శవపరీక్షలో తేలింది. వేళకు పుర్రె తెరిచి గడ్డ తీసేస్తే ఇలాంటివాళ్లలో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. రేపు క్యాజువాలిటీలో కూర్చునే పిల్లలు, మనిషి మాట్లాడుతున్నాడు కదా అని ఇంటికి పంపేయకూడదు. ఆ గాడి దగ్గర అంతసేపు ఆపేది అందుకే.

పాఠకులకూ ఒక మాట. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లు కాసేపు స్పృహ తప్పినా, వాంతి చేసుకున్నా, తలనొప్పి పెరుగుతోందన్నా, మగతగా ఉన్నా పొద్దున చూద్దాంలే అనకండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.