పాఠ్యగ్రంథములో ఉమ్మెత్త: ఒక విమర్శ

వినాయక చవితినాడు తెల్లవారుజామున పత్రి కోయుటకు బయలుదేరిన పిల్లలను పోచంపాడు కాలువగట్లమీద, బోధన్ చెరకు చేల గెట్లమీద ఏటేట చూస్తూనే ఉన్నాము. వారు సంచిలో వేసుకొను ఇరవైయొక్క పత్రులలో రెండు ఒకే కుటుంబమునకు చెందినవి. పూజలో దత్తూర పత్రము అని చెప్పునది ఉమ్మెత్త. బృహతీ పత్రము అనునది వాకుడు. వంకాయ, మిరప, టమాటా, ఆలుగడ్డ, పొగాకు, కామంచి, పెన్నేరు మొదలైనవన్నియు ఆ కుటుంబములోనివే. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని సొలనేసీ అంటారు. అన్నములో కలుపుకొను కూరగాయలును, ప్రాణము తీయు విషములును ఇంత దగ్గరి చుట్టములుగా ఉన్న కుటుంబము మరియొకటి మన ఊళ్ళలో కనబడదు.

ఆ పిల్లవాడే పదవ తరగతిలో ఉమ్మెత్తను గూర్చి ఏమి నేర్చుకొనుచున్నాడు? 2014లో తెలుగు రాష్ట్రముల పాఠశాలలకు వచ్చిన జీవశాస్త్ర గ్రంథములో, విసర్జన పాఠమున, ఆల్కలాయిడుల పట్టిక ఒకటి ఉన్నది. అందులో ఉమ్మెత్తకు దక్కినది ఒక్క వరుస. పదార్థము స్కోపాలమిను, ఉపయోగము మత్తు. పొగాకుకు మరియొక వరుస: నికోటిను, కీటకనాశిని. అంతటితో సరి.

పట్టిక పెట్టిన ఆలోచన మెచ్చదగినది. మొక్కలోని రసాయనమును మనుష్యుని అవసరముతో ముడిపెట్టి చెప్పుట, వేప వంటి పెరటి చెట్లను పేర్కొనుట విద్యార్థికి ఉత్సాహము కలిగించును. కాని ఆ పట్టికను ఉన్నది ఉన్నట్లు వల్లించినచో విద్యార్థికి అందునది సగము సత్యము. విషముల విషయమున సగము సత్యము అపాయకరము. కనుకనే ఈ విమర్శ.

మొదటి ఆక్షేపణ పాఠము పేరుమీదనే. ఆల్కలాయిడులను విసర్జన అను శీర్షిక క్రింద ఉంచుటచే అవి మొక్క పారవేయలేక దాచుకొన్న చెత్త అను భావము కలుగుచున్నది. నత్రజని మొక్కకు చౌకగా దొరకునది కాదు. దానిని వెచ్చించి, అంచెలంచెలుగా ఎంజైముల సహాయముతో నిర్మించు పదార్థము చెత్త ఎట్లగును? 1940 దశకములో జరిగిన అంటుకట్టు ప్రయోగములు చక్కని సాక్ష్యము చెప్పుచున్నవి. పొగాకు వేరుమీద టమాటా కొమ్మను అంటుకట్టగా టమాటా ఆకులలో నికోటిను చేరినది. టమాటా వేరుమీద పొగాకు కొమ్మను అంటుకట్టగా ఆ ఆకులలో నికోటిను దాదాపు లేకపోయినది. అనగా నికోటిను వేరులో తయారై ఆకునకు పంపబడుచున్నది. ఉమ్మెత్త విషముల సంగతియు ఇట్టిదే. అంతేకాదు, గొంగళిపురుగులు ఆకును కొరికినచో కొన్ని పొగాకు జాతులు నికోటిను ఉత్పత్తిని పెంచును. ఇది విసర్జన కాదు, ఆత్మరక్షణ. బోధన్ ప్రాంతపు విద్యార్థికి దీనిని ఇంకను సులభముగా చెప్పవచ్చును. చెరకు తన బ్రతుకుకు కావలసిన చక్కెరను బరువులో పదోవంతుకు పైగా నిలువచేయును. ఎండిన ఉమ్మెత్త ఆకులో ఆల్కలాయిడులు సాధారణముగా నూటికి అరవంతు లోపే. ఒకటి ఆహారము, మరియొకటి ఆయుధము. ఆయుధము కొంచెమైనను చాలును.

రెండవ ఆక్షేపణ మరింత ముఖ్యమైనది. ఉమ్మెత్తలో స్కోపాలమినుతోపాటు హయోసయమిను అను ఆల్కలాయిడు ఉన్నది. దీని అణువు కుడి, ఎడమ రూపములు సమముగా కలిసినదే అట్రొపీను. దానిని 1833లో జర్మనీలో గైగర్, హెస్సె అనువారు బెల్లడోనా మొక్కనుండి వేరుచేసి వర్ణించినారు. పట్టికలో అట్రొపీను పేరే లేదు. నిజామాబాదు జిల్లా విద్యార్థి తెలిసికొనవలసిన పేరు అదియే.

ఎందుకనగా, వరి, పసుపు, చెరకు పండించు ఇంట పురుగుమందు డబ్బా ఉండుట అరుదు కాదు. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేటు మందులు శరీరములో ప్రవేశించినచో, ఎసిటైల్ కోలిన్ అను నాడీ వార్తాహరిని విరుగగొట్టు ఎంజైము పనిచేయదు. వార్తాహరి పేరుకొనిపోవును. నోట చొంగ కారును, చెమట పట్టును, కనుపాపలు సూదిమొనలంత కుంచించుకొనును, ఊపిరితిత్తులు ద్రవముతో నిండును, గుండె మందగించును. ఉమ్మెత్త తిన్నవానిని చూడండి: నోరు ఎండును, చర్మము పొడిబారి కాలును, కనుపాపలు విప్పారును, గుండె వేగముగా కొట్టుకొనును, మూత్రము బిగుసుకొనును, మతి తప్పి పలవరించును. రెండు లక్షణములును ఎదురెదురుగా నిలిచినవి. అట్రొపీను గ్రంథులలోను, గుండెలోను ఎసిటైల్ కోలిన్ తాకు స్థానములను ఆక్రమించి దాని పనిని అడ్డగించును. అందుచేతనే పురుగుమందు త్రాగినవానికి వైద్యులు మొదట ఎక్కించు మందు అట్రొపీను. మన దేశములో సాధారణముగా దొరకు ఒక ఆంపూల్‌లో అది 0.6 మిల్లీగ్రాములు మాత్రమే ఉండును. రోగి ఊపిరితిత్తులు తేటపడువరకు వైద్యుడు మోతాదును పెంచుకొనుచు పోవును.

గట్టున విషమని తన్నివేసిన మొక్క జాతి ఆసుపత్రిలో ప్రాణము నిలుపుచున్నదన్నమాట. దీనిని చెప్పని పాఠము పాఠమునందలి సారమునే విడిచినట్లు. దీనితోపాటు హెచ్చరికయు చెప్పవలెను: పురుగుమందు త్రాగినవానికి ఉమ్మెత్త ఆకు నూరిపోయుట ప్రాణాంతకము. ఆకునకు, ఆకునకు విషము పాలు మారును. కొలచి ఇచ్చిన అట్రొపీనుకు, కొలత తెలియని ఆకునకు ఉన్న తేడాయే మందునకు, విషమునకు ఉన్న తేడా.

మూడవది జాతి సంగతి. పట్టికలో డట్యూరా స్ట్రామోనియం అని ఉన్నది. మన మైదానములలో తరచుగా కనబడు ఉమ్మెత్తలు డట్యూరా మెటెల్, డట్యూరా ఇన్నాక్సియా అను జాతులు. నిజామాబాదు వృక్షసంపదను గూర్చి టి. పుల్లయ్య, బి. రవిప్రసాదరావు గారలు 1995లో ఒక గ్రంథమే వెలువరించినారు. ఇట్టి పుస్తకము పాఠశాల గ్రంథాలయములో ఉన్నచో ఉపాధ్యాయుడు గట్టుమీది మొక్కకు దాని పేరే పెట్టగలడు.

విషమును గూర్చి పిల్లలకు చెప్పరాదని కొందరు అనవచ్చును. కాని ఆకు వారి చేతిలోనే ఉన్నది గదా! ఉమ్మెత్త గింజలు ఎండుమిరప గింజలను పోలియుండుటచే మోసమునకు వాడబడినవని మన న్యాయవైద్య గ్రంథములు చిరకాలముగా చెప్పుచున్నవి. మిరప గింజ పలుచగా, గుండ్రముగా, లేత పసుపుగా ఉండును. ఉమ్మెత్త గింజ మందముగా, మూత్రపిండము ఆకారమున, గోధుమ వన్నెతో ఉండును. ఉపాధ్యాయుడు రెంటిని మూతవేసిన గాజు సీసాలలో ఉంచి భూతద్దముతో చూపినచో, ఎవరును ముట్టనక్కరలేదు, రుచి చూడనక్కరలేదు; పాఠము జీవితాంతము నిలుచును.

చరిత్రయు మన చెంతనే ఉన్నది. ఉబ్బసమునకు ఉమ్మెత్త పొగ పీల్చు వాడుకను మద్రాసులోని కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ వలన తెలిసికొని, జనరల్ జెంట్ 1802లో బ్రిటనుకు చేర్చినాడు. ఆ పొగ మోతాదు తెలియనిది, హానికరమైనది. కాని అట్రొపీను అణువును మార్చి తయారుచేసిన ఇప్రాట్రోపియం నేడు కొలత ప్రకారము పీల్చు మందుగా వాడుకలో ఉన్నది. వాడుకనుండి శాస్త్రము ఏమి గ్రహించినదో, ఏమి విడిచినదో చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఇక అదే పట్టికలోని ఇతర వరుసలు. కొకెయిను గసగసాల కాయనుండి రాదు. అది దక్షిణ అమెరికాలోని కోకా ఆకునందలిది. నింబిను ఆల్కలాయిడు కాదు, దానిలో నత్రజనియే లేదు. పైరిత్రాయిడులు గడ్డిచామంతినుండి తీయునవి కావు. అవి చామంతి జాతి మొక్క ఒకదానిలోని పైరెత్రినులను అనుసరించి మనుష్యుడు చేసినవి. అన్నిటికంటె ప్రమాదకరమైనది సర్పగంధి వరుస. అందులోని రిసర్పిను పాముకాటునకు విరుగుడు కాదు. అది రక్తపుపోటును తగ్గించు మందు. సర్పగంధికి ఆ గుణమున్నదని రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రపంచమునకు చాటినారు. చెరకు తోటలో పాము కరచిన రైతు కుమారుడు ఈ వరుసను నమ్మి వేరు కొరకు వెదకుచు కూర్చున్నచో, ఆ ఆలస్యమునకు బాధ్యత ఎవరిది? పాముకాటునకు కావలసినది ఆసుపత్రిలోని ప్రతివిషము.

పుస్తకము మారువరకు ఉపాధ్యాయుడు చేయగల పని ఉన్నది. పట్టికను నల్లబల్లమీద వ్రాసి, ఉపయోగము ప్రక్కన మరి రెండు గడులు చేర్చవలెను: శరీరములో ఏమి చేయును? ఎంత దాటిన విషమగును? క్రింద ఒక్క వాక్యము: ఎవరైన ఏ విషము తిన్నను, పాము కరచినను, వెంటనే 108కి చెప్పి ఆసుపత్రికి చేర్చవలెను. ఆ రెండు గడులు నింపుకొన్న విద్యార్థి వచ్చే చవితికి ఉమ్మెత్త ఆకును మునుపటివలెనే కోయును. ఇంటికి వచ్చి చేతులు కడుగుకొనును.