బోతెవ్ దేశభక్తి కవిత్వము

దేశభక్తి కవిత్వమనగానే పూర్వవైభవస్మరణము, శత్రునింద, జయఘోష అను మూడును మనస్సునకు తోచుట వాడుక. బల్గేరియా మహాకవి హ్రిస్తో బోతెవ్ గ్రంథమును ఈ యపేక్షతో తెరచినవారికి ఆశాభంగము తప్పదు. ఆతడు వ్రాసినవి సుమారు 20 కవితలు మాత్రమే. వానిలో మనకు ముందుగా కానవచ్చునవి దుఃఖించు నొక తల్లియు, నిద్రించు నొక జాతియు.

ఆతడు 1848లో కలోఫెర్ పట్టణమున నొక యుపాధ్యాయుని కుమారుడుగా జన్మించెను. బల్గేరియా యప్పటికి దాదాపు 5 శతాబ్దములుగా తురుష్క సుల్తానుల యేలుబడిలో నుండెను. ఓదెస్సాలో చదివి స్వగ్రామము చేరిన బోతెవ్, 1867లో ప్రభుత్వమును ధిక్కరించుచు బహిరంగముగా ప్రసంగించి, రుమేనియాకు వెడలిపోయెను. అచ్చట దారిద్ర్యమున బ్రదుకుచు పత్రికలు నడపెను. 1876లో సుమారు 200 మంది యనుచరులతో, తోటమాలుల వేషమున, రదెట్స్కీ యను ఆస్ట్రియా పొగయోడ నెక్కి, దారిలో దానిని వశపరచుకొని, కొజ్లొదూయ్ యొడ్డున దిగెను. కొలది దినములకే వ్రాత్స సమీపపు కొండలలో గుండు దెబ్బకు కూలెను. అప్పటికి వయస్సు 28 ఏండ్లు. ఈ మరణపు వెలుగు ఆతని కవిత్వమున కొకవిధముగా అడ్డే వచ్చినదని మా యభిప్రాయము. చదువరులు కవితను విడిచి తుపాకిని చూచుచున్నారు.

'వీడ్కోలు' అను కవిత తల్లిని సంబోధించి చెప్పినది. కొడుకు తిరుగుబాటు దండులో చేరబోవుచున్నాడు. మరియొక కవియైనచో ఇచ్చట వీరమాతను నిలిపి, కన్నీరు తుడుచుకొని కత్తి నందిచ్చినట్లు వ్రాసియుండెడివాడు. బోతెవ్ చిత్రించిన తల్లి అట్టిది కాదు. ఆమె శోకించునని కొడుకెరుగును. ఎరిగియే, శోకింపవలదని బతిమాలును. తన చావును పసివారగు తమ్ములకు చెప్ప నోరు రానిచో, ఊరి కన్నెలు నాట్యమునకు కూడినపుడు పాటలో ఆ కథను వినుమనును. జానపదగేయముల బాణిలో నల్లిన కవిత తుదకా గేయములలోనే కలిసిపోవ గోరుచున్నది! అచ్చుపుస్తకమున చిరంజీవిత్వము నాశించు కవుల కీ కోరిక వింతగా నుండవచ్చును.

శత్రువును తిట్టుట సులభము. తిట్టువాని ప్రాణమునకు ముప్పున్నను కవితకు శ్రమ లేదు. 'పానశాలలో' అను కవితలో బోతెవ్ తనవారి వైపే తిరిగినాడు. మద్యము పుచ్చుకొని దొరతనముపై కేకలు వేయుట, మత్తు దిగగానే ప్రతిజ్ఞలు మరచుట: ఈ దోషమును చెప్పునపుడు ఆతడు 'మీరు' అనక 'మనము' అనినాడు. ఆ యొక్క మాటయే కవితను ఉపన్యాసము కాకుండ కాపాడినది. 'నా ప్రార్థన'లో ఆతడు కొలుచు దైవము పురోహితుల దైవము కాదు, రాజులకు పట్టము గట్టు దైవమును కాదు. బుద్ధియే దైవము, దాసుల పక్షమున నిలుచు దైవము. సమకాలికులను ఎకసక్కెమాడిన కవితలు కొన్ని మాత్రము నాటి పత్రికా కలహములతోనే వాడిపోయినవి.

'హాజీ దిమీతర్' వాడలేదు. బాల్కను కొండపై వీరుడు గాయపడి నెత్తురోడ్చుచున్నాడు. పగలు గరుడపక్షి నీడ పట్టును, తోడేలు గాయము నాకును. రాత్రి వనదేవతలు వత్తురు. దీనిని గొప్పదిగా నొనర్చినది ఈ యద్భుతము గాక, దిగువ చేలలో కోత కోయుచు పాడు దాసీజనమని మేము తలంతుము. వీరుడు చచ్చుచున్నను పంట దొరలదే.

ఆతని మిత్రుడు వసీల్ లెవ్స్కీని 1873లో సోఫియాలో ఉరితీసిరి. ఆ మరణమును గూర్చిన కవితలో దేశమాత విలపించును, కాకులు కూయును, చలిగాలి వీచును. ఓదార్పు మాట యొక్కటియు లేదు.