అంగుళాల బండికి అంగుళాల పానా

అంబాసిడర్ వెనక ఇరుసు కింద దూరిన మెకానిక్కు ముందుగా తేల్చుకోవాల్సింది కొలత. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారును మూసగా తీసుకుని, హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా ఈ బండిని తయారుచేశారు. దాని ఇరుసు, కమాను కట్టలు అంగుళాల లెక్కలో పుట్టాయి. 1990ల్లో దానికి అమర్చిన 1800 ఇసుజు ఇంజను మాత్రం మిల్లీమీటర్లది. అందుకే ఒకే బండిలో బానెట్ కింద ఒక లెక్క, డిక్కీ కింద మరో లెక్క నడుస్తుంటాయి.

ఇవాళ ఏ షెడ్డులో చూసినా పానాల పెట్టెలో 10, 12, 14, 17, 19 అంకెలే కనిపిస్తాయి. అర అంగుళం బోల్టు తల వెడల్పు 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా ఎక్కుతుంది కానీ ఆడుతుంది. 9/16 తల 14.29. దానికి 14 ఎక్కదు, 15 జారిపోతుంది. 5/8కి 16, 3/4కి 19 మాత్రం దాదాపు అతికినట్టు సరిపోతాయి. చిక్కంతా ఇక్కడే. రెండు చోట్ల పని జరిగిపోయేసరికి మిగతా చోట్లా జరుగుతుందన్న ధీమా వస్తుంది. ఏళ్ళ తరబడి బురద, తుప్పు పట్టి బిగిసిన బోల్టు మీద ఆ ధీమాతో గొట్టం తగిలించి లాగితే, తల మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆ తర్వాత మిగిలేది ఉలీ సుత్తే. అంగుళాల పానాలు ఒక సెట్టు, ఆరు మూలల సాకెట్లు ఒక సెట్టు కొనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. పన్నెండు మూలల సాకెట్ సందుల్లో తేలిగ్గా ఎక్కుతుంది గానీ తల మూలల దగ్గరే పడుతుంది. ఆరు మూలలది చదును పక్కలను పట్టుకుంటుంది. ఇరుసు పనికి అదే కావాలి.

అంగుళాల్లోనూ అన్నీ ఒకటి కావు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ఇంగ్లండులో ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా ఒప్పుకున్న యూనిఫైడ్ మర కోణం 60. అంబాసిడర్ ఈ రెండో తరానిది. అంతకు ముందరి బ్రిటిష్ బళ్ళలో విట్‌వర్త్, దాని సన్న మర అయిన బీఎస్ఎఫ్ ఎదురవుతాయి. పానా మీది అంకెల అర్థం కూడా మారుతుంది. యూనిఫైడ్ పానా మీద ఉండేది తల వెడల్పు. విట్‌వర్త్ పానా మీద ఉండేది బోల్టు కాడ మందం. అందుకే 3/8 విట్‌వర్త్ పానా నోరు 0.71 అంగుళం ఉంటుంది.

మర విషయంలో 3/8 బోల్టునే చూడండి. యూనిఫైడ్ సన్న మరలో అంగుళానికి 24 పళ్ళు, బీఎస్ఎఫ్‌లో 20, యూనిఫైడ్ లావు మరలోనూ విట్‌వర్త్‌లోనూ 16. ఈ చివరి రెండూ ఒకదానిలో ఒకటి దిగుతాయి. వేలితో తిప్పితే ఏ తేడా తెలియదు. కోణాలు వేరు కాబట్టి పళ్ళ పక్కలు నిండుగా ఆనవు, సన్నటి గీత మీద బరువంతా పడుతుంది. తలుపు గొళ్ళానికి అయితే పోనీ అనుకోవచ్చు, ఇరుసుకు కుదరదు. పిచ్ గేజి ఖరీదు కొద్దిపాటిదే, ఆ కొద్ది ఖర్చుకు వెనకాడడం నాకు అర్థం కాదు. ఇంకో అలవాటు నన్ను నిజంగా బాధపెడుతుంది. మర పోయిన 3/8 రంధ్రంలో 10 మిల్లీమీటర్ల ట్యాప్ దించేయడం. పని ఆ పూటకు గడుస్తుంది, హౌసింగ్ శాశ్వతంగా పాడవుతుంది. తీగచుట్ట ఇన్‌సర్ట్ వేస్తే పాత కొలత పాతగానే నిలుస్తుంది, తర్వాత విప్పేవాడికి మోసం జరగదు.

బోల్టు బలాన్ని దాని తలే చెబుతుంది. అమెరికన్ కొలతలో మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. మిల్లీమీటర్ల బోల్టు మీద 8.8, 10.9 అంకెలుంటాయి. 8.8 అంటే తెగే బలం చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లు, సాగడం మొదలయ్యేది అందులో 80 శాతం దగ్గర. తల మీద ఏ గుర్తూ లేని బోల్టును ఇరుసుకు వాడకూడదు. మెరుస్తుందని స్టెయిన్‌లెస్ వేసేవాళ్ళూ ఉన్నారు. మామూలుగా దొరికే ఏ2-70 రకం 8.8 కంటే చాలా ముందే సాగుతుంది, పైగా బిగించేటప్పుడు మర పట్టేసి కదలకుండా పోతుంది. అలాగని అన్నిటికంటే గట్టి 12.9 అలెన్ బోల్టు మేలని అనుకోవద్దు. గట్టిదనం పెరిగేకొద్దీ పెళుసుదనమూ పెరుగుతుంది. జింకు పూత సరిగా వేయకపోతే లోపల చేరిన హైడ్రోజన్ వల్ల అలాంటి బోల్టు ఉన్నట్టుండి తెగుతుంది. పట్టిన బోల్టును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి తీశారంటే దాని పదును పోయినట్టే. దాన్ని తిరిగి వేయడం తప్పు.

పాత మహీంద్రా జీపుల్లో వెనక హబ్బు కోసుగా ఉన్న ఇరుసు కొన మీద, కీ సాయంతో కూర్చుంటుంది. దాన్ని విప్పడానికి బరువైన పుల్లరే సరైన పనిముట్టు. సుత్తితో ఇరుసు కొనను బాదితే మర పువ్వులా విచ్చుకుంటుంది, దెబ్బ నేరుగా డిఫరెన్షియల్ దాకా పాకుతుంది. పుల్లర్ బిగించే ముందు నట్టును పూర్తిగా తీసేయకుండా కొన్ని మరల మీద ఉంచాలి. ఒత్తిడి విడిన క్షణాన హబ్బు తుపాకి గుండులా ఎగిరొస్తుంది, దాన్ని ఆపేది ఆ నట్టే. తిరిగి వేసేటప్పుడు కోసు పొడిగా, శుభ్రంగా ఉండాలి, గ్రీజు తగలకూడదు. స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును ముందుకే తిప్పాలి, వెనక్కి వదలకూడదు. పిన్ను మాత్రం ప్రతిసారీ కొత్తదే. మహీంద్రా జీపులకు మూలమైన తొలి విల్లిస్ జీపుల్లో ఎడమ చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది. అది తెలియనివాడు విప్పుతున్నాననుకుంటూ బిగిస్తాడు.

టార్క్ రెంచి ఉన్నా జాగ్రత్త కావాలి. మనం పెట్టే బలంలో సుమారు పదో వంతే బిగింపుగా మారుతుంది. మిగతాదంతా తల కింద, మరల్లో ఒరిపిడికి ఖర్చవుతుంది. పొడి మరకు చెప్పిన అంకెను నూనె రాసిన మర మీద వాడితే బోల్టు అతిగా సాగుతుంది. మాన్యువల్ ఏ స్థితికి చెప్పిందో చదివే బిగించాలి.

విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇప్పటికీ అంగుళాల సరుకు తెలిసిన చేతులున్నాయి. రాణిగంజ్‌కు వెళ్ళేవాళ్ళు పాత బోల్టూ నట్టూ కిరోసిన్‌లో కడిగి వెంట తీసుకెళ్ళాలి. నోటితో చెప్పిన కొలతకంటే అదే నమ్మకం. దుకాణదారు ఇచ్చిన కొత్త బోల్టు మీద పాత నట్టును వేళ్ళతో చివరిదాకా తిప్పి చూడాలి. అది రెండు చుట్లు తిరిగాక బిగిసిందంటే మర వేరన్నమాట.

కమాను కట్టలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులను ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి. సాగిన ఉక్కు మళ్ళీ అదే పట్టు ఇవ్వదు. నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ రావాలి. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక పట్టీలు సర్దుకుని బిగింపు తగ్గుతుంది కాబట్టి, బండిని మళ్ళీ షెడ్డుకు తెప్పించి అదే అంగుళాల సాకెట్‌తో ఇంకోసారి సరిచూడాలి.