కింథప్ చెప్పినది, లేఖకుడు వ్రాసినది

1889వ సంవత్సరమున భారత సర్వే శాఖవారు ప్రచురించిన ఒక నివేదికలో ఒక వాక్యము కలదు. టిబెట్ దేశమున పెమాకోచుంగ్ అను మఠమునకు సమీపమున సాంగ్‌పో నది సింజి చోగ్యాల్ అను కొండచరియపైనుండి సుమారు 150 అడుగుల లోతునకు దూకుచున్నదనియు, క్రింది మడుగుపై నెల్లప్పుడును ఇంద్రధనుస్సు కనిపించుననియు దాని సారాంశము. భూగోళ శాస్త్రజ్ఞులు ఇరువదినాలుగేండ్లు ఆ వాక్యము చుట్టును తిరిగిరి. అంత ఎత్తైన పీఠభూమినుండి అస్సాము మైదానమునకు అంత తక్కువ దూరములో దిగు నదికి ఎక్కడనో ఒక మహాజలపాతము ఉండితీరవలెనని వారి యూహ. ఆ యూహకు ఈ వాక్యము సాక్ష్యమైనది.

సాహిత్య పత్రికలో ఈ ప్రసక్తి యేల యని పాఠకులు అడుగవచ్చును. ఆ కొండలలో నడచినవాడు నిరక్షరాస్యుడు. అతని మాటలను విని వ్రాసికొన్నవాడు వేరొకడు. వానికి ఆంగ్లరూపము వేరుగా వచ్చినది. నడచిన కాళ్ళకును అచ్చైన పుటకును నడుమ జరిగిన దానిని పరిశీలించుట విమర్శకుని పనియే గదా.

కింథప్ సిక్కిం వాడు. సాంగ్‌పోయు, అస్సామున దిగివచ్చు దిహాంగును ఒకే నదియా యన్నది ఆనాటి ప్రశ్న. 7,782 మీటర్ల నమ్చా బర్వాకును, 7,294 మీటర్ల గ్యాలా పెరికిని నడుమ ఆ నది ఒక గండిలో దూరి కనుమరుగగును. కెప్టెన్ హార్మన్ అను సర్వే అధికారి 1880లో ఒక లామాను, అతనికి సేవకునిగా కింథప్‌ను పంపెను. గుర్తులు పెట్టిన 500 కొయ్యముక్కలను దినమునకు 50 చొప్పున నదిలో విడువవలెను. క్రింద అస్సాములో మనుష్యులు కనిపెట్టుకొని యుందురు. ఇదియే యేర్పాటు. త్రోవలో ఆ లామా కింథప్‌ను ఒక అధికారికి బానిసగా అమ్మి తన దారిని తాను పోయెను. కింథప్ తప్పించుకొనెను, వెంటాడి వచ్చినవారికి మార్పుంగ్ మఠాధిపతి ఏబది రూపాయలిచ్చి అతనిని కొనెను. అప్పుడైనను ఇంటిదారి పట్టలేదు. తీర్థయాత్రకని సెలవు పుచ్చుకొని అడవిలో కొయ్యలు కొట్టి దాచెను. మరియొకమారు సెలవు పుచ్చుకొని లాసాకు నడచి, ఫలానా దినములలో కొయ్యలు విడుతునని ఒకరిచేత లేఖ వ్రాయించి పంపెను. తిరిగివచ్చి, చెప్పినట్లే పది దినములు నదిలో విడిచెను. లేఖ చేరవలసినవారికి సకాలమున చేరలేదు. హార్మన్ అంతకుముందే భారతదేశము విడిచిపోయెను. ఆ కొయ్యలను చూచినవాడు లేడు. నాలుగేండ్ల తరువాత, 1884లో, అతడు తిరిగివచ్చి తన నడకను నోటిమాటగా అప్పగించెను.

నివేదికలో అతనికి పేరు సైతము లేదు. రెండక్షరముల సంకేతము మాత్రమే. మజిలీలు, వానినడుమ దూరములు, మఠములు, త్రాళ్ళ వంతెనలు. అన్నియు ఒకే స్వరములో నడచును. బానిసగా అమ్ముడుపోయిన సంగతియు అదే స్వరములో వచ్చిపోవును. ఈ పొడితనము కింథప్‌దా, కచేరీదా? నా మట్టునకు కచేరీదే యని తోచుచున్నది. కచేరీ కాగితమునకు ఎండుదనము సహజము; ఎండిన పిమ్మట అది నిజమువలె కనిపించును. 150 అడుగుల జలపాతమును అందరును నమ్ముటకు ఆ స్వరమే సగము కారణము. అలంకారములతో చెప్పి యుండినచో ఒకరిద్దరైనను సందేహించియుందురు.

1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అను ఇద్దరు అధికారులు పెమాకోచుంగ్ వరకు నడచిరి. అక్కడ జలపాతమున్నది, ఇంద్రధనుస్సును ఉన్నది. ఎత్తు మాత్రము ముప్పది అడుగుల మేర. కొద్దిపాటి దిగువన బాట అంతమైనది. వెనుక గ్యాలా గ్రామమువద్ద వేరొకటి కనిపించినది: సాంగ్‌పోలో కలియు ఒక చిన్న వాగు ఎత్తైన బండపైనుండి సన్నగా జారుచుండగా, ఆ నీటితెర వెనుక రాతిపై శింజే చోగ్యాల్ దేవతామూర్తి యున్నది. శింజే చోగ్యాల్ అనగా యమధర్మరాజు. నివేదికలోని కొండచరియ పేరు ఇదియే.

బెయిలీ తిరిగివచ్చి కింథప్‌కై వెదకించెను. అప్పటికతడు డార్జిలింగులో కుట్టుపని చేసికొని బ్రతుకుచుండెను. సిమ్లాకు పిలిపించి ప్రశ్నింపగా, నది 150 అడుగులు దూకునని తానెన్నడును చెప్పలేదనియు, గ్యాలాలోని వాగును గూర్చి చెప్పినది వేరు, పెమాకోచుంగ్ నదిని గూర్చి చెప్పినది వేరనియు అతడు విడదీసి చెప్పెను. ముప్పదియేండ్లు గడచినను అతని జ్ఞాపకములో రెండును కలిసిపోలేదు. కలిపినది కాగితము. బెయిలీ అతనికి ఉపకారవేతనము కోరగా ప్రభుత్వము నిరాకరించి వేయి రూపాయలు ఒకమారుగా నిచ్చెను. కొద్దికాలమునకే కింథప్ మరణించెను.

బెయిలీ ఈ వృత్తాంతమును 1957లో వెలువడిన తన గ్రంథమున చెప్పినాడు. ఆ గ్రంథమునకు గల గొప్ప గుణము, రచయిత తన అడుగులకు మించి మాటాడకుండుట. కింగ్డన్ వార్డ్ 1926లో వెలువరించిన సాంగ్‌పో గ్రంథము అంతకంటె సంపన్నమైనది. ఆయన మొక్కలను సేకరించువాడు. 1924లో లార్డ్ కాడర్‌తో కలిసి వెళ్ళినప్పుడు, బెయిలీ పదునొకండేండ్లకు పూర్వము కనుగొన్న నీలివన్నె గసగసాల జాతి పువ్వు విత్తులు ఆయన తెచ్చినవే. ఆ గ్రంథమున లోయ దిగుట యనగా ఒక వృక్షజాతినుండి మరియొక దానిలోనికి దిగుట. గండిలో నడచువానికి గండి కనిపించదన్న సంగతి ఆయనవలె చెప్పినవారు అరుదు. నదివెంట నడచుటకు చోటుండదు; నిలువుచరియ అడ్డుపడినప్పుడెల్ల వేలాది అడుగులు పైకెక్కి, మరియొక వాలున దిగవలెను. నది చెవికి వినిపించుచుండును, కంటికి అప్పుడప్పుడే చిక్కును. కనుకనే ఆయన చూడని భాగము కొన్ని మైళ్ళు మిగిలినది.

ఆయనతో నాకు పేచీ గలదు. ఇంద్రధనుస్సుల జలపాతమునుండి దిగువ సంగమము వరకు డెబ్బదియైదు జలపాతములు గలవనియు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధిదేవత యనియు స్థానికులు నమ్ముదురని ఆయనయే వ్రాసినాడు. వ్రాసి, దానిని పుక్కిటి పురాణముల వరుసలో నుంచి, మహాజలపాతము లేదని నిర్ణయించినాడు. చూడని మైళ్ళను గూర్చి కచేరీ యెట్లు తీర్పు చెప్పెనో ఆయనయు నట్లే చెప్పినాడు. మొక్కల విషయమున ఆకును పరీక్షింపక పేరు పెట్టనివాడు నీటి విషయమున ఇంత తొందరపడుట వింత.

1998 నవంబరులో ఇయాన్ బేకర్, కెన్ స్టార్మ్, హమీద్ సర్దార్ ఆ మిగిలిన భాగమునకు దిగిరి. దారి చూపినవారు స్థానిక వేటగాండ్రు. అక్కడ నదియే దూకుచున్నది. కొలువగా ఎత్తు 108 అడుగులు. బేకర్ బౌద్ధ సాధకుడు. ఆ ప్రాంతము వజ్రవారాహీ దేవి శరీరమని అక్కడివారి విశ్వాసము. సంఖ్య అష్టోత్తరమగుట ఆయనకెంత సంతోషము కలిగించెనో ఊహింపవచ్చును. 2004లో వచ్చిన ఆయన గ్రంథము ఉద్ధరణలతో బరువెక్కినది, పఠితకు ఊపిరాడదు. కాని వేటగాండ్రు అందు మనుష్యులుగా నున్నారు. మరుసటి యేడు బయటి ప్రపంచమున ఈ వార్త ‘కనుగొనుట’ యని ప్రకటితమైనది. వేటగాండ్రకది తాతలనాటి నీరు.

అట్లైనచో 1889 నాటి వాక్యము నిజమైనదా? కాలేదని నా అభిప్రాయము. అక్కడొక పెద్ద జలపాతమున్నదని పిమ్మట తేలినంతమాత్రమున, చూడనిదానిని చూచినట్లు వ్రాసిన వాక్యము సాక్ష్యము కానేరదు. కింథప్ ఆ 108 అడుగుల జలపాతమును చూడలేదు, చూచితిననలేదు. వాక్యము గురి తప్పి విడిచిన బాణము. అది వేరొక లేడికి తగిలినది. యాత్రాసాహిత్యమును తూచునప్పుడు నడచినది, దూరమున చూచినది, విన్నది, ఊహించినది అను నాలుగింటిని రచయిత వేరుగా నుంచెనా యన్నది శైలికి సంబంధించిన ప్రశ్నయే. 2025 జూలైలో చైనా ప్రభుత్వము ఆ నదీభాగమున పెద్ద జలవిద్యుత్ నిర్మాణమును ఆరంభించినది. కట్టడములు పూర్తియైన పిమ్మట నీటి నడక మారినచో, ఆ గండి యెట్లుండెనో చెప్పుటకు ఈ నలుగురైదుగురి మాటలే మిగులవచ్చును.

కింథప్ నివేదికను ఎవరైన తెలుగు చేసినచో ఆ రెండింటిని ఏమందురు? మన రచనలలో నేడు పైనుండి పడు నీరంతయు ‘జలపాతము’. కొండలలో తిరుగువారి భాష అట్టిది కాదు. శ్రీశైలమువద్ద బండపైనుండి సన్నగా జారునది పాలధార, పంచధార. చంద్రవంక విరుచుకొనిపడు చోటు ఎత్తిపోతల. నీరు మూలనుండి దిగివచ్చు లోయ తలకోన. నది కొండను కోసికొని పోయిన చోటు గండి. పెన్న యొడ్డున గండికోటకు ఆ పేరట్లే వచ్చినది. గ్యాలాలోనిది ధార, పెమాకోచుంగ్‌లోనిది దుముకు అని విని వ్రాసినవాడు రెండు మాటలు వాడియుండినచో, రెండును ఒకటి యగుటకు వీలు చాల తక్కువ.

ఈ మాటలు వ్రాయుచు ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ను మరల తిరుగవేసితిని. 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి, నల్లమల దాటి శ్రీశైలమునకు పోయినవారాయన. పల్లకి యెక్కినది ఆయన, మోసినది బోయీలు. దారి మెట్లను, వాగులను, మజిలీలను ఆయన శ్రద్ధగా నమోదు చేసిరి. ఆ రాళ్ళు మోసిన పాదములకెట్లు తగిలెనో చెప్పగలవారు మాత్రము పల్లకి క్రిందనే యుండిరి.