కైల్‌మోర్ చర్చి: దగ్గరికి వెళ్లి చూడవలసిన పనితనం

ఐర్లండ్ పశ్చిమ తీరాన, గాల్వే కౌంటీలోని కానమారా కొండల మధ్య కైల్‌మోర్ కోట ఉంది. వెనక నిటారుగా లేచిన కొండ, ముందు పొల్లకాపుల్ సరస్సు, నడుమ లేతబూడిద రంగు బురుజులు. ఐర్లండ్ పోస్టుకార్డుల్లో తరచుగా కనిపించే బొమ్మల్లో ఇదొకటి. వచ్చినవాళ్లందరూ ముందుగా సరస్సు ఒడ్డున ఆగి ఫొటో తీసుకుంటారు. ఆ దృశ్యానికి ఆ మర్యాద తగినదే. కానీ ఈ ఎస్టేట్‌లో పనివాడి చెయ్యి ఎంత గొప్పదో తెలియాలంటే కోట దాటి, ఒడ్డు వెంట చెట్ల కింద దారిలో ఇంకాస్త నడవాలి. అక్కడ ఒక చిన్న గోతిక్ చర్చి ఉంది. కోటను దూరం నుంచి చూడాలి, చర్చిని చేతికందే దూరంలో నిలబడి చూడాలి. నా మట్టుకు చర్చే గొప్ప కట్టడం.

రెండింటినీ కట్టించింది మిచెల్ హెన్రీ (1826–1910). మాంచెస్టర్‌లో పత్తి బట్టల వర్తకంతో బాగా గడించిన కుటుంబం ఆయనది. వృత్తిరీత్యా వైద్యుడు. 1862లో తండ్రి ఆస్తి చేతికొచ్చాక వైద్యం వదిలేశారు. భార్య మార్గరెట్ ఉత్తరాన కౌంటీ డౌన్ ఆడపడుచు. పెళ్లయిన కొత్తలో కానమారా చూడటానికి వచ్చినప్పుడు ఆమె ఈ చోటు మీద మనసు పడింది. 1867 సెప్టెంబరు 4న కోటకు శంకుస్థాపన చేసింది కూడా ఆమే.

కోట గోడలకు వాడిన గ్రానైట్ డబ్లిన్ దగ్గరి డాల్కీ నుంచి ఓడల మీద లెటర్‌ఫ్రాక్ రేవుకు వచ్చింది. సున్నపురాయి బాలినస్లో నుంచి తెచ్చారు. బురుజులూ, పళ్లుదేరిన పిట్టగోడలూ ఉన్నాయి గానీ అప్పటికి కోటగోడల చాటున యుద్ధం చేసే రోజులు ఎప్పుడో పోయాయి. అవన్నీ రూపం కోసం పెట్టినవే. గ్రానైట్ గట్టి రాయి, రవ్వలు పెద్దవి. ఉలి దాని మీద సన్నని గీత గీయలేదు. అందుకే ఈ కోట అందమంతా ముందుకొచ్చిన గోడల్లో, వెనక్కి తగ్గిన మూలల్లో, వాటి నీడల్లో ఉంది. కొండ ఎత్తుకు తగ్గట్టు గోడల ఎత్తు సరిచూసుకోవడంలో ఉంది. ఆ లెక్క తప్పలేదు కాబట్టే కోట కొండ పక్కన పిట్టగూడులా కనిపించదు, కొండకు అడ్డంగానూ అనిపించదు.

1874లో కుటుంబమంతా ఈజిప్టు యాత్రలో ఉండగా మార్గరెట్‌కు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. అక్కడే చనిపోయారు. వయసు 45. తొమ్మిది మంది పిల్లలు. దేహాన్ని పాడవకుండా భద్రపరిచి కైల్‌మోర్‌కు తీసుకొచ్చారు. ఆమె జ్ఞాపకంగా 1877లో మొదలుపెట్టి 1881 నాటికి పూర్తిచేసినదే ఈ చర్చి. ఆర్కిటెక్టు జేమ్స్ ఫ్రాంక్లిన్ ఫుల్లర్. కోట పనిలోనూ ఆయన చెయ్యి ఉంది.

ఇంగ్లండ్‌లోని పెద్ద కెథెడ్రల్‌లో ఉండే అంగాలన్నీ ఈ చిన్న కట్టడంలో ఉన్నాయి. పెద్దదాన్ని చిన్నది చేయడం చాలా కష్టమైన పని. అన్నింటినీ ఒకే పాళ్లలో కుదిస్తే స్తంభాలు పుల్లల్లా తేలిపోతాయి, కమానుల వంపు ఇరుకైపోతుంది. ఇక్కడ ఆ ఇరుకు ఎక్కడా కనబడదు. గోతిక్ గుడుల చూరుల మీద సాధారణంగా నోళ్లు తెరిచిన భీకర మృగాల తలలు ఉంటాయి. ఈ చర్చికి ఆ మృగాలు వద్దనుకున్నారు. వాటి స్థానంలో చిరునవ్వుతో దేవదూతలు ఉన్నారు. రాతిలో చిరునవ్వు చెక్కడం తేలిక కాదు. పెదవి కొసలో వెంట్రుకవాసి తేడా వస్తే అది వెక్కిరింత అయిపోతుంది.

లోపలి గోడలకు ఫ్రాన్స్‌లోని కాన్ పట్టణపు రాయి వాడారు. మీగడ రంగు సున్నపురాయి. కాంటర్‌బరీ కెథెడ్రల్‌కూ, లండన్ టవర్‌కూ వెళ్లిన రాయి అదే. రవ్వ సన్నగా ఉండటం వల్ల ఉలి ఎటు తిప్పితే అటు లొంగుతుంది. ఇక్కడి శిల్పులు ఆ గుణాన్ని పూర్తిగా వాడుకున్నారు. పూలూ పిట్టలూ గోడ మీద అతికించినట్టు ఉండవు, గోడలోంచే పుట్టుకొచ్చినట్టుంటాయి. ఆకు అంచు కింద రాయిని తొలిచి ఖాళీ చేయడం వల్ల అక్కడ నీడ నిలుస్తుంది, ఆ నీడే ఆకును పైకి లేపి చూపిస్తుంది.

ఇక స్తంభాలు. వాటి కోసమే ఇంత దూరం రావచ్చంటాను. ఐర్లండ్ నాలుగు ప్రాంతాల నుంచి నాలుగు రంగుల పాలరాళ్లు తెప్పించారు. కానాక్ట్ నుంచి ఆకుపచ్చ, మన్‌స్టర్ నుంచి ఎరుపు, లెన్‌స్టర్ నుంచి నలుపు, అల్‌స్టర్ నుంచి బూడిద రంగు. భూగర్భ శాస్త్రం లెక్కలో వీటిలో నిజమైన పాలరాయి ఆకుపచ్చదే. కానమారాలోనే దొరికే ఆ రాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారిన పాత సున్నపురాయి. మెత్తని పొరా గట్టి పొరా అందులో పక్కపక్కనే ఉంటాయి. రుద్దేటప్పుడు చెయ్యి ఒకచోట కాస్త ఎక్కువసేపు ఆగితే మెత్తని పొర ముందే అరిగి గుంట పడుతుంది. ఈ స్తంభాల మీద వెలుగు ఎక్కడా విరగకుండా పైనుంచి కిందికి జారుతుంది. రుద్దినవాడి ఓపిక అక్కడ తెలుస్తుంది.

నల్లది కిల్కెన్నీ రాయి. నిజానికి అది సున్నపురాయే, బొగ్గు అంశ వల్ల నల్లగా ఉంటుంది. మన కడప నల్లబండను ఎరిగినవాళ్లు దీన్ని చూడగానే దగ్గరి చుట్టంలా గుర్తుపడతారు. నునుపు చేయకముందు మామూలు బూడిద బండ. గరుకు ఇసుకతో మొదలుపెట్టి, రానురాను సన్నని పొడులతో, నీళ్లు పోస్తూ రుద్దితేనే ఆ నలుపు బయటికొస్తుంది. కోట్ల ఏళ్ల నాటి సముద్ర జీవుల గుల్లలు ఆ రాయిలో తెల్లని మచ్చలై మిగులుతాయి. మంచి మెరుగు పట్టిన చోట అవి వేలికి తగలవు, కంటికే కనబడతాయి.

హెన్రీ 1871 నుంచి గాల్వే తరఫున పార్లమెంటు సభ్యుడు, ఐర్లండ్ స్వయంపాలనను సమర్థించినవాడు. నాలుగు ప్రాంతాల రాళ్లను ఒకే కప్పు కింద నిలబెట్టడం ఏదో రంగుల ముచ్చట కోసం జరిగిందని నేననుకోను.

చర్చికి కాస్త అవతల, చెట్ల మధ్య, మార్గరెట్ సమాధి మందిరం ఉంది. ఇటుకలతో కట్టిన సాదా గది. తర్వాత హెన్రీని కూడా అక్కడికే చేర్చారు. చెక్కడాలన్నీ చర్చికి ఇచ్చి తమకు ఇటుక గోడలు చాలనుకున్న ఆ నిర్ణయం నాకు చాలా గౌరవంగా తోచింది.

1903లో ఎస్టేట్ మాంచెస్టర్ డ్యూక్ చేతికి వెళ్లింది. 1920లో బెనెడిక్టైన్ సన్యాసినులు వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర పట్టణంలో వాళ్ల మఠం నేలమట్టమైంది. ఇక్కడ వాళ్లు నడిపిన ఆడపిల్లల బడి 2010 దాకా సాగింది. క్రికెటర్‌గా మనకు తెలిసిన నవానగర్ జామ్ సాహెబ్ రంజిత్ సింగ్‌జీ 1920లలో దగ్గర్లోని బాలినహించ్ కోట కొన్నారు. తన అన్నదమ్ముల బిడ్డల్ని ఈ బడిలోనే చేర్పించారు.

కానమారాలో వాన ఎక్కువ. సున్నపురాయికి చెమ్మ శత్రువు. 1990లలో చర్చిని పూర్తిగా బాగుచేయించి మళ్లీ తెరిచారు. ఇప్పుడు అక్కడ సంగీత కచేరీలు కూడా జరుగుతుంటాయి.

వెళ్లేవాళ్లకు ఒక మాట. ధైర్యం, విశ్వాసం, దయ, ఆశ, పవిత్రత అనే ఐదు సుగుణాలను స్త్రీమూర్తులుగా చూపిన రంగుటద్దాల కిటికీ దక్షిణం వైపు ఉంది. కాబట్టి ఎండ ఉంటే మధ్యాహ్నం వెళ్లండి. మబ్బు పట్టిన రోజైతే కిటికీ కోసం ఎదురుచూడక ముందు స్తంభాల దగ్గరికి వెళ్లండి. మెరుగు పెట్టిన రాయి రంగు ఎండలో కన్నా ఆ మెత్తని వెలుతురులోనే బాగా తెలుస్తుంది.