చవక గిటారును పరీక్షించు విద్య

మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతముల యువకులు పది పదునైదు వేల రూపాయలలో ఎలక్ట్రిక్ గిటారు కొనదలచినపుడు, దాని పైమెరుగును దాటి గుణమును తెలుపగల నిపుణుని విద్య నాకు మిక్కిలి గౌరవాస్పదముగా తోచును.

ఆతడు మొదట యాంప్లిఫయరు జోలికి పోడు. వాద్యమును కంటికెదురుగా నెత్తి మెడ వంపును పరికించి, అంచు వెంబడి వ్రేలు నడిపి, ఫ్రెట్ల కొనలు గీరుకొనుచున్నవేమో తెలిసికొనును. మన వేసవి పొడిగాలికి కఱ్ఱ కుంచించుకొనగా, లోహపు కొనలు వెలికి పొడుచుకొని వచ్చుట కలదు. పిమ్మట పండ్రెండవ ఫ్రెట్టుపై తంత్రిని మెల్లగా స్పృశించి మీటగా పుట్టు స్వరమును, అచ్చటనే నొక్కి మీటగా పలుకు స్వరముతో సరిపోల్చును. నొక్కిన స్వరము హెచ్చైనచో బ్రిడ్జిపై తంత్రి ఆనుచోటును వెనుకకు జరిపి తంత్రిని పొడిగించును, తగ్గైనచో ముందునకు జరుపును. బొబ్బిలి వీణాశిల్పి మైనములో 24 మెట్లను తన చెవి ఆదేశించినట్లు నిలుపును; గిటారు ఫ్రెట్లు గాళ్లలో బిగింపబడియుండుటచే ఆ స్వేచ్ఛ లేని యీతడు, మెడలోని ఉక్కుకడ్డీని, బ్రిడ్జిని మాత్రమే ఆశ్రయించి అంతటి సూక్ష్మశ్రుతిని సాధింప యత్నించుట నిజముగా శ్లాఘనీయము.

ధ్వని విషయము చివరిది. పికప్పన అయస్కాంతమునకు చుట్టిన సన్నని రాగితీగయే. ఉక్కుతంత్రి కంపించినపుడు అందులో విద్యుత్తు జనించును. చవక పికప్పు సాధకునకు అంతగా అవరోధము కాదు, శ్రుతి నిలుపని బిరడాలే అవరోధము. అందుచే సొమ్మంతయు వాద్యముపైననే వెచ్చింపక, కొంత క్రొత్త తంత్రులకును, సవరణకును మిగుల్చుకొమ్మని ఆతడు చెప్పు హితవును నేను పూర్ణముగా సమర్థింతును.