ఒక రంగులో మాయమైతేనే ఎంపిక

విశ్వం తొలి రోజుల్లో జోరుగా నక్షత్రాలను పుట్టించిన గెలాక్సీలు మనకు కనబడే వీలుందని శాస్త్రవేత్తలు పార్ట్రిడ్జ్, పీబుల్స్ 1967లోనే లెక్కగట్టారు. పాతికేళ్లు గాలించినా అంత దూరంలో చిక్కినవి ఎక్కువగా క్వేజార్లు, రేడియో గెలాక్సీలే. మామూలు గెలాక్సీ ఫోటోలో ఒక మసక చుక్క. అలాంటివి వేలల్లో ఉంటాయి. ఒక్కోదాని వర్ణపటం తీయడానికి పెద్ద టెలిస్కోప్‌కు గంటలు పడుతుంది. మరి వేటిని ఎంచుకోవాలి?

ఖగోళ శాస్త్రవేత్త చార్లెస్ స్టైడెల్ బృందం పనితనమంతా ఆ ఎంపికలోనే ఉంది. హైడ్రోజన్ 912 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా పొట్టి తరంగాలను మింగేస్తుంది. అందుకే గెలాక్సీ కాంతి అక్కడ ఒక్కసారిగా తెగిపోతుంది. విశ్వ విస్తరణ వల్ల కాంతి ఎంత సాగిందో చెప్పే కొలతే రెడ్‌షిఫ్ట్. అది 3 ఉన్నచోట తరంగాలు నాలుగింతలు సాగుతాయి కాబట్టి ఆ తెగిన చోటు 3,648 ఆంగ్‌స్ట్రామ్‌లకు జరుగుతుంది. నేల మీది టెలిస్కోప్‌కు అందే అతినీలలోహితం అది. దానికి తగ్గట్టు వాళ్లు ప్రత్యేకంగా మూడు ఫిల్టర్లు రూపొందించుకున్నారు. ఒకటి అతినీలలోహితానికి, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు.

ఆకుపచ్చలో స్పష్టంగా ఉన్న చుక్క అతినీలలోహిత ఫోటోలో మాయమైతే అది దూరపు గెలాక్సీ అని అనుమానించాలి. అయితే చల్లని నక్షత్రాలు, ముసలి గెలాక్సీలు కూడా అక్కడ మసకబారతాయి. వాటిని ఏరిపారేసే జల్లెడ ఎరుపు ఫిల్టర్. అవి ఆకుపచ్చలో కన్నా ఎరుపులో బాగా వెలుగుతాయి. వేడి కుర్ర నక్షత్రాలున్న గెలాక్సీ మాత్రం రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అతినీలలోహితానికీ ఆకుపచ్చకూ మధ్య తేడా పెద్దదిగా, ఆకుపచ్చకూ ఎరుపుకూ మధ్య తేడా చిన్నదిగా ఉండాలి. రెండూ కలిస్తేనే చుక్క జాబితాకెక్కుతుంది.

అంతటితో వాళ్లు ఆగలేదు. హవాయిలోని 10 మీటర్ల కెక్ టెలిస్కోప్‌తో వర్ణపటాలు తీసి, రెడ్‌షిఫ్ట్ 3కూ 3.5కూ మధ్య ఇలాంటి గెలాక్సీలు పుష్కలంగా ఉన్నాయని 1996లో ప్రకటించారు. ఆ కాంతి బయల్దేరేనాటికి విశ్వం వయసు సుమారు 200 కోట్ల ఏళ్లు.

ఇంకా పాత గెలాక్సీల కోసం జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఇదే ఉపాయాన్ని పరారుణంలో వాడుతోంది. అంత పాత కాలంలో గెలాక్సీల మధ్య పరుచుకున్న హైడ్రోజన్ 1,216 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా పొట్టి కాంతినంతా ఆపేస్తుంది కాబట్టి తెగే చోటు మారింది, సూత్రం మారలేదు. విశ్వానికి సుమారు 30 కోట్ల ఏళ్లున్నప్పటి జేడ్స్-జీఎస్-జెడ్14-0 గెలాక్సీ ఇలాగే దొరికింది. రంగులను బట్టి రెడ్‌షిఫ్ట్ 16 అనుకున్న సీర్స్-93316 గెలాక్సీ మాత్రం వర్ణపటం తీశాక 4.9గా తేలింది. ధూళి, మెరిసే వాయువు కలిసి ఆ రంగులను తలపించాయి. అందుకే ఇవాళ్టికీ ఏ దూరపు రికార్డైనా వర్ణపటం చేతికొచ్చాకే ఖాయం చేస్తారు.